చేవెళ్ల అంగడిలో సుగుణ చెంబు

మా ఇంట్లో కొత్త చట్టం ఒకటి వచ్చింది. ఇకమీదట ఒక పాత వస్తువు లోపలికొస్తే, దానికి బదులు ఇంకోటి బయటికి పోవాలట. చట్టం చేసింది మా ఆయన. ఆయన్ని తప్పు పట్టడానికీ లేదు. గండిపేటలో మాది చిన్న ఫ్లాటు, అందులో మేమిద్దరం, మా అత్తగారు. వంటింటి అరల్లో ఇత్తడి చెంబులు, చెవి లేని తాళాలు, పై గిన్నె పోయిన కాఫీ ఫిల్టర్లు హాయిగా కాపురముంటున్నాయి. అయితే నా పిచ్చి అన్నిటి మీదా ఒకేలా ఉండదు. అసలు పిచ్చి పేర్లు కొట్టించిన గిన్నెల మీద. పెళ్లికి ఏ సామాను పెట్టినా అంచు మీద సన్నటి ఉలితో చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి మరీ ఇచ్చేవారు కదా! ఆ పేరు మీద వేలు పెట్టి పైకి చదువుతుంటే నాకు ఒళ్లు తెలీదు. చేవెళ్లలో వారానికోసారి జరిగే అంగడిలో కూరగాయల అవతల పాత సామాను కుప్పలు పోస్తారని మా ఇంట్లో పని చేసే మంజుల చెప్పింది మొదలు, నాకు నిద్రలో కూడా ఇత్తడే కనిపించింది.

అంగడి రోజు ఆరున్నరకల్లా కారు తీశాను. మా ఆయన దుప్పటి లోంచే "చట్టం!" అని గుర్తు చేశాడు. గండిపేట చెరువు మీద మంచు ఇంకా లేవలేదు. నీళ్లెక్కడ ఆగాయో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలీడం లేదు. అలాంటి పొద్దున్న ఒంటరిగా వెళ్తుంటే మనం ఏ ఏడాదిలో ఉన్నామో కూడా మరిచిపోతాం. అజీజ్‌నగర్ దగ్గర చేవెళ్ల రోడ్డెక్కి, మొయినాబాద్‌లో ఆగి ఇడ్లీ తిన్నాను. ప్లేటు నలభై, చాయ్ పదిహేను. కారు లేనివాళ్లు ఫికర్ పడక్కర్లేదు, మెహదీపట్నం నుంచి చేవెళ్ల బస్సులు బాగానే ఉంటాయి.

మొయినాబాద్ దాటాక రోడ్డు పక్కనే పాత తలుపులూ స్తంభాలూ అమ్మే పెద్ద ఆవరణ ఒకటుంది. ఫామ్‌హౌస్‌లు కట్టుకునేవాళ్లు కొంటారు. వందల తలుపులు, ఒక్కదాని వెనకా ఇల్లు లేదు. నేను ఒక టేకు తలుపు తెరుచుకుని ఇటు నుంచి అటు వెళ్లాను, మళ్లీ వెనక్కి వచ్చాను. ఎవరింట్లోకి వెళ్లానో, ఎవరింట్లోంచి వచ్చానో! కాపలా ఆయన నన్ను విచిత్రంగా చూసి, "కొంటరా అమ్మా, ఉత్తగ తిరుగుతరా?" అన్నాడు. ధర అడిగితే అరవై ఐదు వేలన్నాడు. "ఉత్తగనే తిరుగుతానన్నా" అన్నాను. "తిరుగున్రి, తిరుగున్రి, గాలి ఫ్రీనే" అని నవ్వి కుర్చీలో కూలబడ్డాడు. అక్కడ గంటసేపు గడిపానని తర్వాత గడియారం చూస్తే గానీ తెలియలేదు.

చేవెళ్ల చేరేసరికి తొమ్మిదైంది. బంతిపూల గంపలు, టమాటా పెట్టెలు, క్యారెట్ కడుగుతున్న నీళ్లు, వీటన్నిటినీ దాటుకుని చివరికి వెళ్తే గోనెసంచులు పరిచి పాత సామాను పోసిన వరస కనిపించింది. రేడియోలు, ఇస్త్రీపెట్టెలు, లాంతర్లు, ఎవరిదో పెళ్లి ఫొటో ఫ్రేము. అలాంటి చోట తొందరపడకూడదు. ఒక్కో వస్తువూ చేతిలోకి తీసుకుని, బరువు చూసి, వాసన కూడా చూసి పెట్టేయాలి. చుట్టూ బేరాల అరుపులు మెల్లగా దూరమైపోతాయి. ఆ మగతలోనే గౌస్ భాయ్ అనే ఆయన కుప్ప దగ్గర కూలబడ్డాను. ఆయనకి అరవై ఉంటాయి. ఊళ్లు తిరిగి పాత ఇత్తడి తీసుకుని స్టీలు గిన్నెలు ఇచ్చేవాళ్ల దగ్గర తూకానికి కొంటాడట.

"జర జల్దీ చూడున్రి మేడమ్. సాయంత్రం బండొస్తది. మిగిలినదంతా కరగవోస్తరు" అన్నాడు.

"పేర్లతో సహానా?" అని నోరు జారాను.

"పేర్లకు తూకం ఉండదు గద" అన్నాడు.

కుప్పలో అడుగున ఒక చెంబు దొరికింది. నడుము సన్నం, మూతి వెడల్పు, ఒక పక్క చిన్న సొట్ట. చీర కొంగుతో తుడిస్తే మెడ కింద చుక్కలు బయటపడ్డాయి. అలవాటు కొద్దీ పైకే చదివాను. "సుగుణ." ఇంటిపేరు లేదు, ఊరు లేదు. చిన్న పిల్లని పిలిచినట్టు వట్టి సుగుణ. ఎంత ముద్దుగా ఉందో! గౌస్ భాయ్ తూకం వేసి ఎనిమిది వందలన్నాడు, నేను మారు మాట్లాడకుండా ఇచ్చేశాను. దీని బదులు ఇంట్లోంచి ఏది బయటికి పోవాలా అని అప్పుడే లెక్కలు వేసుకుంటున్నాను.

కుప్పకి అటు పక్క ఒక అవ్వ కూర్చుని ఉంది. అప్పటిదాకా నేను సరిగ్గా చూడలేదు. డెబ్భై దాటి ఉంటాయి. ఒక్కో చెంబునీ తీసి, అంచు చుట్టూ బొటనవేలితో తడిమి పక్కన పెడుతోంది. ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"ఏమని సదివినవ్ బిడ్డా?"

"సుగుణ అని ఉందవ్వా."

"మల్లొక్కపారి సదువు."

చదివాను. "ఇంకొక్కపారి" అంది. మూడోసారి చదివేసరికి ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. చెయ్యి చాచి చెంబు తీసుకుని, సొట్ట మీద చెంప ఆనించుకుంది. "గిది నాదే బిడ్డా. నాది నాకియ్యి."

"యాదమ్మవ్వా!" అన్నాడు గౌస్ భాయ్. ఆవిడ ఆయనకి తెలుసు, అంతకుముందు అంగడికీ వచ్చి వెతికి పోయిందట. "నీ పేరు యాదమ్మ గద. గిదాని మీద సుగుణ అని ఉన్నది. నీదెట్లయితది?"

"నాదే అంటున్న గద" అంది, అంతే. అబద్ధం ఎందుకు చెప్పాలి అని నాకు చిరాకేసింది. అంత చక్కటి చెంబు చేతికొచ్చి రెండు నిమిషాలు కాలేదు. ఊరికే అడిగితే ఇచ్చేస్తానా? సుగుణ ఎవరంటే చెప్పదు, చెంబు మాత్రం వదలదు. ఎండ ఎక్కుతోంది. చివరికి గౌస్ భాయే మూడు చాయ్‌లు చెప్పాడు.

చాయ్ సగం అయ్యాక అవ్వ తనంతట తనే మొదలుపెట్టింది. "మా బాపు పెండ్లిల పెట్టిండు బిడ్డా. అత్తగారింటికి పోయినంక చూస్తే మా అత్తది, నాది ఒక్కటే పేరు. కోడల్ని అత్త పేరు పెట్టి తిట్టొస్తదా? అందుకని పేరు మార్చి యాదమ్మ అన్నరు. ఇగ అత్త పేరు నోటితోని అనొద్దు గద. అప్పటిసంది నా పేరు నేనే అనలే."

గౌస్ భాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. అత్త పోయి ఎన్నో ఏళ్లైనా ఆ అలవాటు పోలేదట. చదువు రాదు కాబట్టి ఎక్కడా రాసుకోనూ లేదు. పుట్టింట్లో ఆ పేరుతో పిలిచేవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. ఆవిడ కాలు విరిగి దవాఖానాలో ఉన్నప్పుడు, కొత్త ఇల్లు కట్టుకుంటూ కోడలు పాత ఇత్తడంతా సంచికెత్తి స్టీలు గిన్నెలు తీసుకుందట. కోడలికి చదువొచ్చు, చెంబు మీద పేరు చదివే ఇచ్చింది. ఎప్పుడో పోయిన ముసలమ్మ, అవ్వ అత్తగారి పేరు కదా అనుకుంది. ఆ పేరు ఇంకొకరిది కూడా అని ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. చెంబు సాయంత్రం బండి ఎక్కితే ఆ పేరు ఇక ఈ లోకంలో ఎక్కడా ఉండేది కాదు.

ఇంకేం మాట్లాడతాను? చెంబు ఆవిడ ఒళ్లో పెట్టాను. మనసొప్పిందా అంటే ఒప్పలేదు, కానీ చేతులు వాటంతటవే పెట్టేశాయి. ఉత్తగ తీసుకోనని ఆవిడ పట్టుబడితే, గౌస్ భాయ్ నా డబ్బు నాకు తిరిగిచ్చి, ఆవిడ దగ్గర తను కొన్న ధరే తీసుకున్నాడు. "లాభం లేదా భాయ్?" అంటే, "చాయ్ తాగినం గద" అన్నాడు.

అవ్వది శంకర్‌పల్లి దగ్గర ప్రొద్దుటూరు. నేనూ అటు తిరిగి ఇంటికి వెళ్లొచ్చు గనక కారెక్కించుకున్నాను. చేవెళ్ల నుంచి శంకర్‌పల్లి రోడ్డు చాలా బాగుంటుంది, తప్పకుండా అటే రండి. దారంతా పత్తి చేలు, పూల తోటలు, మధ్యలో ఉన్నట్టుండి వెంచర్ల జెండాలు. షేర్ ఆటోలూ తిరుగుతాయి గానీ మధ్యాహ్నం తగ్గిపోతాయట. అవ్వ కిటికీ అద్దం దించుకుని, చెంబు ఒళ్లో పట్టుకుని కూర్చుంది. పెదాలు కదులుతున్నాయి. నేను రేడియో పెట్టలేదు.

ఇంటి ముందు దిగేసరికి కోడలు స్వరూప పరుగున వచ్చింది. "ఎటువోయినవ్ అత్తమ్మా! ఫోన్ గూడ ఇంట్లనే ఇడిసిపెట్టి పోయినవ్. మస్తు పరేషాన్ అయినం!" అంటూనే చెంబు చూసింది. "గిది మనం ఇచ్చేసిన పాత చెంబే గద? ముసలమ్మది. మల్లెందుకు పట్టుకొచ్చినవ్?"

"ముసలమ్మది గాదు."

"పేరున్నది గదత్తమ్మా. నేనే సదివిన."

అవ్వ గేటు పట్టుకుని నిలబడింది. కోడల్ని చూసింది, నన్ను చూసింది. గొంతు సరిచేసుకుంది. మొదటిసారి గాలే వచ్చింది, మాట రాలేదు. ఆ తర్వాత వచ్చింది. "సుగుణ అంటె నేనే."

స్వరూప చెంబు అందుకుని పేరు మళ్లీ చదివింది. "ఇన్నేండ్ల సంది ఒక్కనాడు జెప్పలేదేందత్తమ్మా!"

"నువ్వడగలే, నేను జెప్పలే" అంది అవ్వ. కోపమేం లేదు ఆ మాటలో, కొత్త కోడలిలా సిగ్గు పడుతోంది. నన్ను నీళ్లు తాగి పొమ్మంది. చెంబు తోమి, నింపుకొచ్చింది స్వరూపే.

ఇన్నాళ్లూ గిన్నెల మీద పేర్లు చదువుతూ, వాళ్లంతా ఎప్పుడో వెళ్లిపోయారనుకునేదాన్ని. కాలం ఒడ్డున ఏరుకున్న గవ్వల్లా మురిసిపోయేదాన్ని. వాళ్లలో కొందరు ఇంకా ఏదో ఊళ్లో కూరలు తరుగుతూ, ఇంకో పేరుకి పలుకుతూ ఉండొచ్చని ఒక్కసారీ తట్టలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది. చేవెళ్ల అంగడికి వెళ్లండి, ఎండెక్కకముందే వెళ్లండి, చిల్లర నోట్లూ తుడుచుకోను ఒక పాత గుడ్డా పట్టుకెళ్లండి. కానీ అన్నిటికన్నా పనికొచ్చే సలహా ఇంకోటుంది. బయల్దేరేముందు మీ ఇంట్లో పెద్దావిడని పెళ్లికి ముందు ఏమని పిలిచేవారో అడగండి, లేకపోతే కుప్పలో దొరికినా మీరు గుర్తుపట్టలేరు. నేను మా అత్తగారిని ఆ సాయంత్రమే అడిగాను. ఆవిడ లేచి, తలుపు దగ్గరగా వేసి, నా పక్కన కూర్చుని చెప్పింది.