మూడో గేరులో ఘాట్

మా అక్కకు వారానికి రెండుసార్లు డయాలసిస్, మంగళవారం ఒకటి, శుక్రవారం ఒకటి. బోథ్ నుంచి నిర్మల్ తీసుకెళ్లి, ఆమెను మిషన్‌కు కలిపాక నాలుగు గంటలు బయట కూర్చుని, మళ్లీ ఇంటికి తీసుకొచ్చేవాణ్ని. పోయేటప్పుడు ఘాట్ దిగుడే కాబట్టి బాధ లేదు. వచ్చేటప్పుడే నరకం. ఎత్తు మీద లారీలు పాకుతుంటాయి, వాటి వెనక నా డీజిల్ కారు మూలుగుతుంటుంది, వెనక సీట్లో అక్క ప్లాస్టిక్ కవరు నోటి దగ్గర పట్టుకుని కూర్చుంటుంది.

ఒక శుక్రవారం ఇంటి ముందు దిగుతూ అంది, "ఇగ నేను రానురా తమ్మీ. అయ్యేదేదో ఇంట్లనే కానీ."

రాకపోతే ఏమవుతుందో డాక్టర్ మా ఇద్దరికీ ముందే దాచకుండా చెప్పాడు. నాకు భయం వేస్తే కోపం వస్తుంది. ముందు అక్క మీద అరిచాను. ఆమె లోపలికి వెళ్లిపోయాక కారు మీద అరిచాను. చివరికి తప్పంతా కారుదేనని తేల్చుకున్నాను. దీనికి ఇంకో ముప్పై గుర్రాల బలం ఉంటే లారీలన్నిటినీ దాటేసి ఆమెను ఇరవై నిమిషాలు ముందే మంచం మీద పడుకోబెట్టేవాణ్ని కదా. రెండు రోజులు ఫోన్లో వీడియోలు చూశాను. టర్బో ఉన్న ఇంజన్‌కు కంప్యూటర్‌తో నాలుగు అంకెలు మారిస్తే చాలట, బలం అదే వస్తుందట. నాకు అంతకన్నా తెలియాల్సింది లేదనుకున్నాను.

ఈ ఒక్కసారికి రమ్మని బతిమాలి మంగళవారం తీసుకెళ్లాను. ఆమెను ఆసుపత్రిలో అప్పజెప్పి నేరుగా నిర్మల్‌లోనే ఉన్న ఒక గ్యారేజీకి పోయాను. అక్కడి ఉస్తాద్ దుబాయిలో ఏళ్ల తరబడి ఇలాంటి ఇంజన్ల మీదే పని చేసి వచ్చినవాడు. ముప్పై పెంచాలి, కానీ బండి ఒక్కరోజు కూడా ఆగకూడదు అని చెప్పాను. ఆయన ముందుగా బంపర్ విప్పి నన్ను దగ్గరికి పిలిచాడు.

టర్బో తోసే వేడిగాలిని చల్లబరచడానికి ముందు వైపు ఒక జాలీ ఉంటుంది. దాని నిండా దూది. నేను పని చేసేది జిన్నింగు మిల్లులో. పత్తి సీజనంతా నా కారు ఆ ఆవరణలోనే నిలబడి ఉంటుంది. ఆ దూదికి దుమ్మూ నూనే కలిసి బొంతలా గట్టిపడింది. ఉస్తాద్ ఒక ముక్క ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు.

"ముక్కుల పత్తి వెట్టి ఉరుకుమంటున్నవు గదనే."

ముక్కులో పత్తి ఎవరికి పెడతారో తెలుసు కాబట్టి నాకు నవ్వు రాలేదు.

జాలీ కడిగించాడు. పగిలిన గాలిపైపు మార్చాడు. నేను వచ్చే నెల, వచ్చే నెల అంటూ వాయిదా వేసిన ఆయిల్ మార్చాడు. ఇక అంకెలు మార్చమన్నాను. అంత తొందర ఎవరి కోసమని అడిగితే అక్క సంగతి చెప్పాను. ఆయన లాప్‌టాప్ పక్కన పెట్టి, అక్కను తీసుకురమ్మన్నాడు.

డయాలసిస్ అయ్యాక తీసుకొచ్చాను. కారు ఉస్తాదే నడిపాడు. ఘాట్‌లో మొదటి లారీ తగలగానే దాటెయ్యమన్నాను. ఆయన నా మాట విననట్టే ఉండి, అద్దంలో అక్కను చూస్తూ అడిగాడు, "అక్కా, ఏడ పరేషాన్ అయితదో జర చెప్పుండ్రి."

వెనక సీట్లోంచి అక్క గొంతు వినిపించింది. "లారీ వెనక పోతె నాకేం కాదు. తమ్ముడు గేరు మార్చి గుంజినప్పుడల్ల పేగులు నోట్లకొస్తయి. సూది వెట్టిన చెయ్యి డోరుకు తాకి పానం పోతది."

నాలుగు నెలలు. ప్రతి మలుపులో రెండో గేరుకు దించి తొక్కడం, దాటడం, మళ్లీ బ్రేకు. అదంతా ఆమె కోసమే అనుకున్నాను, ఆమెను మాత్రం ఒక్కసారీ అడగలేదు. సిగ్గుతో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఉస్తాద్ బండి వెనక్కి తిప్పాడు. గ్యారేజీ వెనకే వాళ్ల ఇల్లు. ఎంత తాగొచ్చో అడిగి తెలుసుకుని ఆయన భార్య అక్కకు అర గ్లాసు చాయ్ ఇచ్చి, మంచం వాల్చింది. అక్క పడుకున్న గంటలో ఆయన పని ముగించాడు.

"పైన పెంచలే. పెంచితే వేడి, ఆ వేడికి టర్బో, దాని వెనక క్లచ్ పోతయి. తక్కువ స్పీడుల ఎత్తు గుంజెతందుకు కింద పట్టు ఇచ్చిన. మూడో గేర్ల వెట్టి కాలు నిమ్మలంగ ఉంచు."

కాలు నిమ్మళంగా ఉంచడం నాకు రాని విద్య. ఆ సాయంత్రం నేర్చుకున్నాను. ఒకే లారీ వెనక ఘాటంతా మూడో గేరులో ఎక్కాను. కారు ఎక్కడా ఎగరలేదు, మూలగలేదు. అక్క ఒళ్లో కవరు మడిచినది మడిచినట్టే ఉంది.

నిర్మల్ నుంచి ఇల్లు చేరడానికి మామూలు కన్నా పావుగంట ఎక్కువే పట్టింది. అక్క వెంటనే దిగలేదు.

"శుక్రారం ఎన్నింటికి పోదాం?" అని అడిగింది.

ఆరింటికి అన్నాను. దిగి ఆమె వైపు డోరు తెరిచి, సూది పెట్టని చెయ్యి పట్టుకుని దింపాను.