ఆరో పాటలో ఆగిన కాళ్ళు

ధర్మవరంలో చౌడప్పను చిన్నప్పుడే మగ్గం గుంతలో కూర్చోబెట్టారు. పట్టుచీర నేసేవాడికి చేతులకన్నా కాళ్ళకే చదువు ఎక్కువ. కాళ్ళ కింది పలకలు మార్చి మార్చి తొక్కుతూనే ఉండాలి. పోగో తాడో టప్పుమని తెగిందా, ఆ క్షణమే కాళ్ళు ఆగిపోవాలి. ఇంకొక్కసారి తొక్కితే ఆ తప్పు చీరలో ఉండిపోతుంది. వాళ్ళ నాయన ఈశ్వరప్ప తొడమీద చరిచి చరిచి ఈ పాఠం నేర్పాడు.

ఆ కాళ్ళను హిందూపురం పాలిటెక్నిక్‌లో ఇమ్రాన్ కనిపెట్టాడు. క్లాసులో బల్ల కింద చౌడప్ప పాదాలు ఊరికే ఉండేవి కావు. గిటారు పిచ్చి ఉన్న ఇమ్రాన్‌కు కావలసింది అదే. అతనికి నచ్చిన మెటల్‌కోర్ అనే హోరు సంగీతంలో గిటార్లు పరుగెడతాయి, పాడేవాడు గొంతు చించుకుంటాడు, డ్రమ్ములవాడు రెండు కాళ్ళతో రెండు పెడళ్ళు ఎడతెగకుండా తొక్కాలి. అరవడానికి సలీం దొరికాడు. పెనుకొండలో మూతపడ్డ నూనె మిల్లులో ఆదివారాలు సాధన చేసేవాళ్ళు. బ్యాండుకు ‘కరువు’ అని పేరు పెట్టుకున్నారు. ఈ సీమలో పేరు కోసం దూరం పోవాల్సిన పనేముంది?

ఈశ్వరప్పకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

“డబ్బాలు కొట్టేది ఒక పనేనా రా? కాళ్ళు దురదపెడితే పలకలు తొక్కు. ఇట్లే తిరుగుతాంటే రెంటికీ చెడ్డ రేవడి అయితావు!”

ఆ మాట చౌడప్పకు ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. ఒక్క ఆల్బం పూర్తి చేసి, ఇదీ పనేనని నాయన చేత అనిపించుకోవాలి. అంతకుమించి అతనికి ఆశ లేదు.

2007లో బెంగళూరు స్టూడియోలో తొలి ఆల్బం రికార్డు చేశారు. అందరూ కలిసి ఒకేసారి వాయిస్తున్నారు. ఆరో పాట మంచి జోరులో ఉండగా ఇమ్రాన్ గిటారు తీగ టప్పున తెగింది. మిగతా తీగలతో నెట్టుకొద్దామని ఇమ్రాన్ చూశాడు. చౌడప్ప కాళ్ళు రెండూ గాల్లో ఆగిపోయాయి. డ్రమ్ములు ఆగేసరికి అందరూ ఆగారు. ఒకరినొకరు చూసుకున్నారు. సిగ్గుపడి చౌడప్ప దబ్బున మళ్ళీ అందుకున్నాడు, మిగతావాళ్ళూ కలిశారు.

పాట అయ్యాక ఇమ్రాన్ లేచాడు. “ఏమప్పా, నడిమధ్యలో నిలిపేస్తివి?”

“పోగు తెగినట్ల అనిపిచ్చింది కాళ్ళకు. నేనేం జేసేది?”

తిరిగి పెట్టుకుని విన్నారు. నిశ్శబ్దం తర్వాత పడిన ఆ దెబ్బకు సలీం ఎగిరి గంతేశాడు. “దీన్ని ముట్టుకోవద్దండప్పా! ఇట్లే ఉండనీ.”

అలాగే ఉంచేశారు. చౌడప్పకు మాత్రం తప్పు పడిన చీర అమ్ముతున్నట్టే ఉంది.

చౌడప్ప ఇంటికి సీడీ తెచ్చిన రోజు ఈశ్వరప్ప మగ్గంలో ఉన్నాడు. “పెట్టుకో పో. నా పనికి అడ్డం రావద్దు,” అన్నాడు.

ఐదు పాటలు అయిపోయాయి. ఆయన తలెత్తలేదు, పలకలు ఆగలేదు. చౌడప్పకు ఏడుపొచ్చినంత పనైంది. ఆరో పాటలో తీగ తెగింది. డ్రమ్ములు ఆగాయి. మగ్గమూ ఆగింది. ఈశ్వరప్ప పాదాలు పలకల మీదినుంచి లేచాయి, చేతులు తెగిన పోగు కోసం తడుముతున్నాయి.

“యాడరా తెగింది?”

“ఈడ కాదు నాయనా, పాటలో. ఇమ్రాన్ గిటారు తీగ.”

పాట దబ్బున మళ్ళీ మొదలైంది. ఈశ్వరప్ప చివరిదాకా కదలకుండా విన్నాడు.

“ఆడ నిలిపింది నువ్వేనా?”

“నేనే.”

ఈశ్వరప్ప పాదాలు మళ్ళీ పలకల మీద పెట్టుకున్నాడు.

“సరిగ్గా నిలిపినావు. పనోడి కాళ్ళు అట్లే నిలబడల్ల.”