కొలిచి తాగిన నీళ్ళు

సరిహద్దు మీది సైనిక పోస్టుకి చేరేసరికి పగలు పదకొండుంబావు. పన్నెండు వేల అడుగుల ఎత్తు. మంచు ఆగింది, గాలి ఆగలేదు. వీపున ఇరవై రెండు కిలోల మూట. ఆర్డరు చిన్నది: రెండు గంటల కాపలా, నాలుగు గంటల విశ్రాంతి, మూడు నెలలు. ఊళ్ళో అందరూ నన్నడిగేది తుపాకుల గురించి. నేను చెప్పేది పొత్తికడుపు గురించి. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

మూత్రం నిండేకొద్దీ మంట, పోట్లు. పోసొస్తే పావుగంట హాయి, మళ్ళీ మొదలు. కాపలాలో ఆరుసార్లు కదిలే సెంట్రీని చూసి ఏ కమాండరు ఊరుకుంటాడు? పళ్ళు బిగబట్టి నిలబడేవాణ్ణి.

మాది కంచిలి దగ్గర ఊరు. అప్పటికి రెండేళ్ళుగా మా నాన్నకి కిడ్నీల జబ్బు. కాళ్ళు పొంగుతున్నాయని డాక్టరు నీళ్ళు తగ్గించమన్నాడు. రోజుకి ఆరు గ్లాసులు, చిన్నవి. ఇంటింటా కిడ్నీ రోగులున్న మా ఉద్దానంలో, మూత్రంలో తేడా అంటే మాకు తెలిసింది ఆ ఒక్క జబ్బే. నేనూ నీళ్ళు మానేశాను. ఎవరికీ చెప్పలేదు. రెండో రోగిని చూసే ఓపిక మా అమ్మకి లేదు. భయపడ్డాను, అంతే.

పట్టుకున్నది నర్సింగ్ అసిస్టెంటు. టెక్కలివాడు. బంకర్లో నా బాటిలు ఎత్తి చూశాడు. నిండుగా గడ్డకట్టి ఉంది.

"ఏటి బావా, నీళ్ళు ముట్టనేదేటి?"

"కిడ్నీ పోనాది. మా నాన్నకీ తగ్గించమన్నారు గదా."

"కిడ్నీ అని ఎవులు సెప్పినారు నీకు?"

"సెప్పాలేటి? మా ఊర్లో ఇంకేటొత్తాది?"

వాడు తిట్టలేదు. రేడియో అందుకున్నాడు. "నడవగలడు. జ్వరం లేదు. నీళ్ళు మానేశాడు, నొప్పి మానలేదు. కిందికి పంపుతున్నాం."

ఆసుపత్రిలో రక్తం పరీక్ష, స్కానింగ్ చేశారు. కిడ్నీలు రెండూ బాగున్నాయి. మూత్రంలో ఇన్ఫెక్షన్ లేదు. మత్తిచ్చి లోపలికి గొట్టం పంపి చూశారు. రాయి లేదు, గడ్డ లేదు. మూత్రాశయం గోడ మీద ఎర్రటి మచ్చలున్నాయి.

"నొప్పి మూత్రాశయానిది. ప్రాణం తీయదు. పూర్తిగా పోతుందని మాటివ్వలేను," అన్నాడు మేజర్ డాక్టరు. "నీళ్ళు మానేసి మూత్రాన్ని చిక్కబరిచావు. పుండు మీద కారం చల్లుకున్నావు."

వారానికోసారి గొట్టంతో లోపలికి మందు, ఆరు వారాలు. రాత్రికో మాత్ర. టీ, కారం, చింతపండు బంద్. పులుసు లేని అన్నం నాకు అన్నంలా ఉండేది కాదు. నోట్‌బుక్కులో గంట, కొలత, నొప్పికి మార్కులు. ప్రతిసారీ ఇంకో అయిదు నిమిషాలు ఆపుకోవాలి. పావుగంట హాయి గంటన్నర అయింది.

సెలవు దొరికింది. మధ్యాహ్నం పలాసలో దిగి బస్సెక్కాను. నాన్న జీడిచెట్టు నీడలో మంచం మీద ఉన్నాడు. అప్పటిదాకా దాచిందంతా చెప్పాను.

"కిడ్నీ కాదేటి?"

"కాదు నాన్నా. నీళ్ళు బాగా తాగమన్నారు."

ఆయన కళ్ళు తుడుచుకుని అమ్మని కేకేశాడు. "ఆడికి సెంబుతో తెచ్చియ్యి."

మంచం పక్కన ఆయన చిన్న గ్లాసు బోర్లించి ఉంది. ఆ రోజు వాటా అయిపోయింది. నాకు సిగ్గేసింది. తాగనంటే ఊరుకోలేదు. చెంబెత్తాను. నేను గుటక వేసినప్పుడల్లా ఆయన గొంతు కూడా కదిలింది.

నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ నీళ్ళ చెంబెత్తితే ఆ గొంతే కనిపిస్తుంది.