ప్లగ్గు బాబాయి శిష్యరికం

నడుస్తున్న యంత్రం కనిపిస్తే దాని ప్లగ్గు పీకకుండా ఉండలేకపోవడం ప్లగ్గు బాబాయి జబ్బు. బస్సు కంపెనీలో టికెట్లమ్మే కంప్యూటర్ సర్వర్లకు ఆయనే పెద్దదిక్కు. అయినా ఆయన వాటి గదిలో అడుగుపెడితే చాలు, మిగతావాళ్ల గుండెల్లో రైళ్లు పరుగెత్తేవి.

"బాగానే నడుస్తోంది కదా బాబాయ్, ఎందుకు పీకడం?"

"ఆగితే మనకు తెలుస్తుందో లేదో చూడొద్దూ?"

ఇంట్లోనూ అదే వరస. ఓసారి ఫ్రిజ్ ప్లగ్గు పీకేసి, ఎవరు ముందు కనిపెడతారా అని పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడట. పిన్ని కనిపెట్టింది. వంటిల్లంతా పారిన నీళ్లు తుడిచే పని ఆయనకే అప్పగించింది.

అలాంటాయన చేతికింద చేరింది కొత్తమ్మాయి. ఇంట్లో బడికెళ్లే పిల్లల తల్లే గానీ, ఆఫీసులో మాత్రం కొత్తమ్మాయే. పిల్లల పెంపకంలో పడి ఉద్యోగం మానేసి, ఏళ్ల తర్వాత మళ్లీ గడప దాటింది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. సర్వర్ల మీద కన్నేసి ఉంచే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టమన్నారు. అందులో ఆమెకు ఓనమాలు కూడా రావు.

"ఏముందమ్మాయ్! పిల్లల్ని చూసుకున్నదానివే కదా. ఒళ్లు వెచ్చబడిందా, కడుపు నిండిందా, పిలిస్తే పలుకుతున్నారా? సర్వర్‌నూ అవే అడుగు. ముందు ఒక్కదాంతో మొదలుపెట్టు" అన్నాడు బాబాయి, నేర్చుకోవడానికని పక్కన పెట్టిన పాత సర్వర్‌ను చూపిస్తూ.

కిందా మీదా పడి సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. తన కంప్యూటర్ తెర మీద గీతలు కదిలాయి.

"అంతా పచ్చగా ఉంది బాబాయ్!"

బాబాయి బల్ల కిందికి దూరి ప్లగ్గు పీకాడు.

"సర్వర్ చచ్చి పడున్నా నీ తెర పచ్చగానే ఉందేం తల్లీ?"

సర్వర్ పలకకపోతే కబురు పంపమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పడం ఆమె మరిచిపోయింది. చెప్పింది. బాబాయి ప్లగ్గు పెట్టి మళ్లీ పీకాడు. ఈసారి ఆమె ఫోను కెవ్వుమంది. బాబాయి చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

దాంతో ఆమెకు హుషారొచ్చింది. టికెట్ల సర్వర్‌లోనూ ఆ సాఫ్ట్‌వేర్ పెట్టి, ప్రతిదీ క్షణక్షణం రాసుకోమంది, ఏదీ చెరపొద్దంది.

ఒక ఉదయం, బస్సులు బారులు తీరి ఉన్న వేళ, టికెట్లు ఆగిపోయాయి. కౌంటర్ల దగ్గర కేకలు. చూస్తే సర్వర్ డిస్కు నిండిపోయి, టికెట్లు రాసుకోవడానికి చోటే లేదు. నింపింది మరెవరో కాదు, ఆమె పెట్టిన సాఫ్ట్‌వేరే! వంటింటికి కాపలా పెట్టినవాడే గిన్నెలన్నీ ఊడ్చేసినట్టయింది.

మేనేజరు మేడమ్ విసవిసా వచ్చింది. "ఎవరి నిర్వాకం ఇది?"

కొత్తమ్మాయి నోరు తెరిచేలోపే బాబాయి ముందుకొచ్చాడు.

"నేనే మేడమ్. ప్లగ్గు పీకాను."

"ఈ వయసులోనూ మీకు బుద్ధి రాదా బాబాయ్!" అంటూ మేడమ్ అందరి ముందూ కడిగేసింది. ఆయన తల వంచుకుని అక్షింతలన్నీ వేయించుకున్నాడు. ఆవిడ అటు వెళ్లగానే ఇటు తిరిగాడు.

"పాతవి చెరిపెయ్యమ్మాయ్. నిమిషానికోసారి రాసుకుంటే చాలు. డిస్కు నిండబోతున్నా కబురు పెట్టమను."

చెప్పినట్టే చేసింది. టికెట్లు కదిలాయి. ఆమె మాత్రం మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీయలేదు. ఉద్యోగం పోతే పోయిందనుకుని మేడమ్ గదికి వెళ్లింది.

"పొద్దుటి తప్పు నాది మేడమ్. బాబాయిది కాదు."

"తెలుసమ్మా. ప్లగ్గు పీకితే సర్వర్ మీది దీపాలారిపోవాలి కదా? అన్నీ వెలుగుతూనే ఉన్నాయి" అంటూ నవ్విందావిడ. "నేను కొత్తగా చేరినప్పుడు టికెట్ల ధరలన్నీ తుడిచిపెట్టేశాను. అప్పుడూ ఈయన ప్లగ్గు పీకానన్నాడు. ఇక్కడ కొత్తవాళ్లు ఎవరేం పాడుచేసినా ఆయన పీకిన ప్లగ్గే. ఆయనకా అలవాటుంది కాబట్టి జనం ఇట్టే నమ్మేస్తారు. నువ్వు నీ పని చూసుకో, నీ ఉద్యోగానికేం ఢోకా లేదు."

"మరి తెలిసీ ఎందుకు తిట్టారు మేడమ్?"

"తిట్టకపోతే నేను నమ్మలేదని బెంగ పెట్టుకుంటాడమ్మా!"

కొత్తమ్మాయికి నవ్వాగలేదు. మేడమ్‌కు అంతా తెలుసని చెప్పి, కృతజ్ఞతలు చెప్పుకుందామని గబగబా వచ్చింది గానీ, తన ఎత్తు పారిందన్న బాబాయి మొహంలోని తృప్తి చూసి, ఆ మాట మింగేసింది. వేడి వేడి టీ తెచ్చి ఆయన చేతిలో పెట్టి, "ఇంకెప్పుడూ పీకకండి బాబాయ్, పాపం ఎన్ని తిట్లు తిన్నారో" అంది.