బెల్లం అంటిన చిట్టా

ఇట్ల కూసో బిడ్డా, సక్కగ విని రాయి. మధ్యలో నవ్వొద్దు.

ఆ రోజుల్లో, బస్తర్‌కు ఇంకా రాజుగారే ఉన్నప్పుడు, భోపాల్‌పట్నంలో మాది ఉప్పు దుకాణం. నాయనకు చూపు తగ్గి, పన్నెండేళ్ళ నా చేతికి చిట్టా ఇచ్చాడు. (నా అక్షరాలు ముత్యాలని నాకు మహా పొగరు. ఒక చేత్తో రాత, ఇంకో చేత్తో బెల్లం.)

దీపావళికి పాత లెక్క మూసి కొత్త పుస్తకం తెరవాలి. రూపాయి పావలా ఉప్పు ఎటు పోయిందో తేలలేదు. "ఉప్పు పోయె, పైసలు రాలే. ఎవలు తిన్నరు?" అని నాయన ముసలి గుమాస్తా తాత మీద పడ్డాడు. "నీ ఉప్పు తినే బతికిన, దొంగిలించి తినలే సేటూ," అంటూ తాత పై కండువా దులిపి చూపించాడు. తెల్లారితే ఆయన కొలువు పోతుంది. నాకు ఏడుపొచ్చింది. ఆ రూపాయి పావలా తాడు మామ ఖాతాలో బాకీగా రాసేశాను. లెక్క కుదిరింది. నాకు లడ్డూ పెట్టారు!

తాడు మామ దోర్లాయన, అడవిలో ఉండే కోయతెగ మనిషి. చదువు రాదు, పావలా బాకీకి తాడులో ఒక ముడి వేసుకునేవాడు. వారపు అంగడినాడు నాయన బాకీ చదివితే, ముడుల్లేని తాడును తడుముకుని నన్ను చూశాడు. నేను తల దించుకున్నాను. "దస్త్రంల ఉన్నదంటే ఉన్నట్టే. నేనే మరిసినేమో," అని ఐదు ముడులు వేసుకున్నాడు. నాలుగు అంగళ్ళు సారపప్పు తెచ్చి పోసి, నాలుగు ముడులు విప్పాడు. ఐదో అంగడికి రాలేదు.

ఆ వారమే నాయన అరిచాడు: "దస్త్రానికి చీమలు పట్టినయేందే?" చూస్తే రెండు కాగితాలు బెల్లంతో అతుక్కున్నాయి. విడదీస్తే లోపల, నా ముత్యాలతోనే, డాక్ బంగళా వంటాయన అరువు పట్టుకెళ్ళిన ఉప్పు: రూపాయి పావలా. ఏడుస్తూ అంతా చెప్పేశాను. నాయన కొట్టలేదు. గుమాస్తా తాతకు చేతులు జోడించి, నా గుప్పిట్లో రూపాయి పెట్టాడు. "నువ్వే పోయి చెప్పు."

వెళ్ళేసరికి మామ చలిజ్వరంతో పోయి మూడు రోజులు. నన్ను చూడగానే అత్త తాడు తెచ్చింది. "ఇంకొక్క ముడి ఉన్నది బిడ్డా, అంగడినాటికి తెస్త."

"అది మీది కాదత్తా, నా తప్పు," అని రూపాయి ఆమె ఒళ్ళో పెట్టి, ముడి విప్పబోయాను. గోరు విరిగింది. అత్త తాడు మెల్లగా లాక్కుంది. "ఉండనీ. ఆయన కట్టింది."

బెల్లం ముట్టినప్పుడల్లా ముసల్ది గంటసేపు చేతులు కడుగుతదని మీ అమ్మ నవ్వుతుంది కదా? నవ్వనీ, నాకూ నవ్వే వస్తుంది. కానీ ఆ నీళ్ళ కింద నా వేళ్ళకు ఇప్పటికీ ఆ ముడి—

"అమ్మా! అన్నం సల్లారుతున్నది, చేతులు కడుక్కొని రా!"