వేలి కింద

చెవుల మేస్త్రి బానెట్ ఎత్తగానే పానా పట్టడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి నొక్కుకుని, కళ్లు మూసుకుంటాడు. పక్క షెడ్డువాళ్లు ఆ పేరు వెక్కిరింతకే పెట్టారు. తర్వాత తమ బండ్లే తెచ్చి చూపించుకున్నారు. ఆ ఉదయం టీచరమ్మ తెచ్చిన పాత కారు నిలబడ్డచోటే ఒగరుస్తోంది. ఇంజన్ గుయ్యిమని లేస్తుంది, ఆరిపోయేలా పడుతుంది, మళ్లీ లేస్తుంది. "మొన్నొకాయన స్క్రూ తిప్పి సరిచేశానన్నాడు," అంది స్టీరింగ్ ముందు కూర్చునే. "జ్వరమొస్తే మొహానికి పౌడరు రాసినట్టుందమ్మా!" అన్నాడు మేస్త్రి. గాలి ఎక్కడో దొంగదారిన లోపలికి పోతోందని రబ్బరు గొట్టాలన్నీ తడిమాడు. వెనక వంపులో సన్నటి చీలిక తగిలింది. బొటనవేలితో అదిమాడు. ఇంజన్ కుదురుకుని సమంగా కొట్టుకోసాగింది.

"దొరికిందిగా, కాలుతుంది, చెయ్యి తీసెయ్యండి మేస్త్రీ," అందామె. అతను తియ్యలేదు. పదకొండేళ్ల కిందట ఇదే షెడ్డులో ఇంజన్ ఫ్యాను రెక్క ఊడి తన తమ్ముడి మెడ తెగితే, ఇదే వేలితో అదిమి పట్టాడు. వేలి కింద నాడి కొట్టుకుంటూనే ఉంది. "అంబులెన్సు వచ్చేసింది, ఇక వదిలెయ్" అన్నారెవరో. వదిలేశాడు.

"ముందు బండి ఆపండమ్మా," అన్నాడు. ఆమె తాళం తిప్పింది. ఇంజన్ ఆగింది. అతను మాత్రం, కింద ఇంకా ఏమైనా కొట్టుకుంటోందేమోనని చూస్తున్నట్టు, వేలు తియ్యకుండా అలాగే వంగి ఉన్నాడు.