ఖాళీ హార్డ్ డిస్కు నిండిపోయిన కత

ముందుగాల ఛాయ్ తాగుండ్రి. ఎట్లుందని మాత్రం అడగకుండ్రి. గీ ఛాయ్ నేనెందుకు వెట్టిన్నో, వారం సంది మా ఇంట్ల పొయ్యి కాడ నేనెందుకు నిలవడ్డనో, అంత చెప్త. నవ్వితె నవ్వుండ్రి గని ఛాయ్ ఒలకవోయకుండ్రి. బండలు తుడుసుడు గూడ నా మీదనే వడ్డది.

నా సంగతి మీకెర్కే. వీడియో యాదగిరి అంటె తాండూరుల తెల్వనోడెవడు? సదివింది అయిదో తరగతి. అదిగూడ సారు నన్ను పాస్ చేసిండా, వదిలిచ్చుకున్నడా అన్నది ఇప్పటిదాంక తేలలే. అయినా కెమెరా వట్టిన్నంటె పెండ్లికొడుకు పంతులు మాట ఇనుడు బందువెట్టి నా మాట ఇంటడు. ఒక లగ్గంల వాన వడ్డది. నేను తీసిన గా వాన చూస్కుంట టీవీ ముంగట కూసున్నోళ్లు గొడుగు వట్టిండ్రు! ఇంకో లగ్గంల బగార అన్నం దగ్గర్నించి తీసిన. ఒకడు టీవీ కాడికి ప్లేటు వట్కొని వచ్చి లైన్ల నిలవడ్డడు. ఏందన్నా గట్ల చూస్తవ్? నమ్మకుంటె పోయి గా ప్లేటునే అడుగు.

సరే. భాగ్య అని ఒక పిల్ల. గామె లగ్గం వికారాబాద్‌ల అయింది, వీడియో నేనే తీసిన. భాగ్యను చిన్నప్పటిసంది సాదింది వాళ్ల అమ్మమ్మ. బషీరాబాద్‌ల ఉంటది. గా దిక్కు కన్నడం గూడ మాట్లాడ్తరు గద, అందరు ఆమెను అజ్జి అంటరు. లగ్గం రేపు మాపు అనంగ అజ్జి బాత్రూంల జారి వడ్డది. తుంటి ఇరిగింది. సాది పెద్దగ చేసిన మనిషే లగ్గానికి రాలె. స్టేజి మీద భాగ్య మాటిమాటికి గేటు దిక్కే చూసుడు, నా కెమెరాల ఉంది గద!

లగ్గమైనంక భాగ్య ఫోన్ చేసింది.

"అన్నా, ఆదివారం నేను, మా ఆయన అజ్జి దగ్గరికి పోతున్నం. కలిసి కూసొని లగ్గం చూడాలె. ఫోన్ల చూపిస్తె గామెకు ఆనదు. టీవీ కింద పాత డీవీడీ డబ్బ ఉంది, మంచిగనే నడుస్తది. డిస్కు చేసియ్యి అన్నా. ఒక్కటే డిస్కుండాలె."

"ఒక్కటే ఎందుకు చెల్లే?"

"మేం వచ్చేసినంక గామె ఒక్కతే ఉంటది. మల్ల మల్ల చూస్కుంటది. లేసి పోయి డిస్కు మార్చ చాతగాదు గదన్నా. అప్పగింతల దాంక అంత దాంట్లనే ఉండాలె."

నేనూకుంటనా? "చెల్లే, నువ్వు ఏడ్చిన ఆఖరి చుక్క దాంక ఒక్క డిస్కుల ఎక్కిస్త. లేకుంటె నా పేరు యాదగిరే కాదు!" అన్న.

గా మాట అన్నప్పుడు నా కంప్యూటర్ దిక్కు ఒక్కసారి చూడాల్సుండె. దాంట్ల డిస్కు రాసే డబ్బ ఎప్పుడో నోరు తెర్సుడు బందువెట్టింది. ఇప్పుడు డిస్కులెవడు అడుగుతుండు చెప్పు!

వికారాబాద్‌ల ఖాజా భాయ్‌కి కంప్యూటర్ రిపేర్ దుకాణముంది. మేమిద్దరం పాత దోస్తులం. ఒకర్నొకరు తిట్టుకోకుంటె ఇద్దరికి అన్నం అరగది. గాయనకు ఫోన్ కొట్టిన.

"డిస్కు నేను రాసిస్త భాయ్," అన్నడు. "నువ్వు లగ్గం మొత్తం ఒక్క ఇమేజ్ ఫైల్ చేసి, హార్డ్ డిస్కుల ఏస్కొని రా. గట్లయితె ఒక డిస్కు గీకులు వడ్డా, అదే ఫైల్ నుంచి ఇంకోటి తీయొచ్చు."

ఇమేజ్ అంటె ఫోటో గాదు మల్ల. డిస్కు ఎట్లుండాల్నో గట్లనే మొత్తం ఒక్క ఫైల్ల కట్టిన మూట. గిది గూడ నాకు తెల్సు, ఏమనుకున్నరు!

శనివారం పొద్దున దుకాణంల కూసున్న. పక్కకు నా భార్య సుజాత ఆల్బంల ఫోటోలు అంటిస్తున్నది. హార్డ్ డిస్కు కంప్యూటర్‌కు తగిలిచ్చి, మూటను అండ్లనే కట్టమని బటన్ నొక్కిన. పచ్చ గీత సక్కగ ముందుకు పోతున్నది.

"చూసినవా సుజాతా, నీ మొగని పనితనం!"

"అయినంక పిలువు," అన్నది, తలకాయ గూడ లేపలే.

ఇగ అయిపోతది, ఇగ అయిపోతది అనంగ టక్కున ఆగింది. ఎర్రగ ఒక ముక్క వచ్చింది: డిస్కు నిండింది, జాగ లేదని.

నిండితె ఏం జేస్తం? ఖాళీ చేస్తం! బరాత్‌ల పెట్టే డీజే పాటలుండె మస్తు. తీసేసిన. మల్ల మొదటికెళ్లి నొక్కిన. గీత పోయింది, పోయింది... గదే జాగల ఆగింది. నిండిందట!

అరె! పాత లగ్గాలయి, అందరికి ఇచ్చేసినయి, వట్టిగ పడున్నయి గద అని అవి గూడ తీసేసిన. మల్ల నొక్కిన. గదే జాగ! ఒక్క ఇంచు గూడ ముంగటికి జరగలే. గంత పారేస్తె గింత గూడ జాగ కాలేదా? గది హార్డ్ డిస్కా, మా మామ కడుపా?

సుజాత గప్పుడే కూరగాయలకు మార్కెట్‌కు పోయింది. డిస్కుల ఇంకొక్కటే మిగిలింది. దాని పేరు "మాది". మా లగ్గం వీడియో. నేను ఒక్క నిమిషం ఆలోచన చేసిన. ఒక్కటే నిమిషం. అజ్జి కండ్ల ముంగట కనవడ్డది, భాగ్యకు ఇచ్చిన మాట కనవడ్డది. సుజాత కనవడలే, ఎందుకంటె మార్కెట్‌ల ఉంది గద! మా పాత క్యాసెట్ ఇంట్లనే ఎక్కడన్నుంటది, మల్ల ఎక్కించుకుందాం లే అనుకొని నొక్కేసిన.

మల్ల గీత పోయింది. మల్ల గదే జాగ. నిండింది!

హార్డ్ డిస్కు సంచిల ఏస్కొని రైలెక్కి వికారాబాద్ ఉరికిన.

ఖాజా భాయ్ దుకాణంల అడుగువెట్టుడుతోనే మొదలువెట్టిన. "భాయ్, పరేషాన్ అయితున్న. డిస్కు నిండింది. ఎంత తీసినా నిండుతనే ఉంది. దీనికి ఏదో రోగమొచ్చింది."

"దిఖావ్," అని తీస్కొని తగిలిచ్చిండు. అద్దాలు పైకి జరుపుకున్నడు. నా దిక్కు చూసిండు. మల్ల డిస్కు దిక్కు చూసిండు.

"యాదగిరి భాయ్, నిండిందంటివి గద?"

"నిండుగుంది!"

"అరె, దీంట్ల ఈగ గూడ లేదు గదయ్యా! ఖాలీ హై!"

"మరి గదే నేను గూడ అంటున్న! ఖాళీ చేసిన, అయినా నిండింది!"

ఖాజా భాయ్ కుర్చీల ఎనకకు వాలి నవ్వుడు మొదలువెట్టిండు. గాయన నవ్వుకు రోడ్డు మీద పోయేటోళ్లు ఆగి చూసిండ్రు. నీళ్లు తాగినంక చెప్పిండు.

"ఇను. మీ తాండూరు బండల లెక్కనే చెప్త. ఇల్లు పెద్దదే. లోపట జాగ మస్తుగుంది. గని దర్వాజ చిన్నది. పెద్ద బండ లోపటికి పోతదా?"

"పోదు."

"గీ డిస్కు పాత ఫార్మాట్‌ల ఉంది. దీంట్ల ఒక్కొక్క ఫైల్ నాలుగు జీబీ దాటొద్దు. నీ లగ్గం మూట నాలుగు కంటె జర పెద్దది. చిన్న చిన్నయి లచ్చ తెచ్చినా పడ్తయి, గదొక్కటి పట్టది. నువ్వేం జేసినవ్? ఇంట్లున్న సామానంత బైట పారేసినవ్. సామాన్ పారేస్తె దర్వాజ పెద్దగైతదా భాయ్?"

"మరి నిండిందని ఎందుకన్నది? దర్వాజ చిన్నదని చెప్పొద్దా?"

"దానికి గా ఒక్క మాటనే వస్తది. అయితె, గీ ఫార్మాట్ వెట్టిన మొగోడెవ్వడు?"

నేను గోడ మీదున్న క్యాలెండర్ చూసుడు షురూ చేసిన.

"నిన్నే అడుగుతున్న భాయ్."

"నేనే," అన్న. "డీజే డబ్బ గీ పాత ఫార్మాట్ అయితెనే పాటలు చదువుతది. గందుకే నేనే పట్టువట్టి మరీ వెట్టిన."

"హౌ! పాటల కోసం వెట్టినవ్. మరి పాటలేవి?"

"తీసేసిన."

మల్ల కుర్చీల వాలిండు. మల్ల రోడ్డు మీదోళ్లు ఆగిండ్రు.

"సరే ఫికర్ నక్కో," అన్నడు కండ్లు తుడుసుకుంట. "కొత్త ఫార్మాట్ వెడ్త. పెద్ద ఫైల్ అయినా పడ్తది. గని ఫార్మాట్ కొడితె లోపటున్నదంత పోతది. దాసుకునేదేమన్న ఉందా?"

"ఏం లేదు. అంత నేనే ఊడ్సిన."

"శభాష్! అందరు గిక్కడికొచ్చి ఏడ్సుకుంట ఫార్మాట్ చేయిస్తరు. నువ్వు ఇంటికాడ్నే అంత కానిచ్చుకొని వచ్చినవ్!"

ఫార్మాట్ కొట్టిండు. నేను మల్ల రైలెక్కి తాండూరు వచ్చిన. మల్ల బటన్ నొక్కిన. పచ్చ గీత పోయింది, పోయింది, గా ఆగే జాగ వచ్చింది... నేను ఊపిరి వట్టిన... దాటింది! కుర్చీల కెళ్లి ఎగిరి దుంకిన. లైటు బుడ్డి తలకాయకు తగిలింది. మల్ల రైలు, మల్ల వికారాబాద్. టికెట్లు చూసే సారు నన్ను చూసి, "ఏమయ్యా, నువ్వు గూడ డ్యూటీల ఉన్నవా?" అన్నడు.

ఖాజా భాయ్ డిస్కు రాసిండు. ఆఖరిదాంక తిప్పి చూసినం. అప్పగింతలున్నయి. భాగ్య ఆఖరి చుక్క గూడ ఉంది. గా చుక్క చూసి మేమిద్దరం చేతులు కలిపినం.

ఆదివారం సుజాతను తీస్కొని షేర్ ఆటోల బషీరాబాద్ పోయిన. గంత కష్టపడి చేసినంక నా చేత్తోని నేనే వెట్టకుంటె ఎట్ల? అజ్జి మంచం మీద దిండ్లు ఆనుకొని కూసుంది. భాగ్య, గామె మొగడు చెరో దిక్కు. డిస్కు డబ్బల వెట్టిన. డబ్బ కిర్రుమన్నది. టీవీ నల్లగనే ఉంది. నా పానం పోయింది. మల్ల కిర్రుమన్నది... బొమ్మ వచ్చింది!

అజ్జి రెప్ప కొట్టకుంట చూసింది. జీలకర్ర బెల్లం కాడ చేతులు జోడిచ్చింది. భాగ్య గేటు దిక్కు చూసే కాడ, "నా కోసమేనా బిడ్డా?" అని మనవరాలి తల నిమిరింది. అప్పగింతలొచ్చినయి. టీవీల భాగ్య ఏడుస్తున్నది, పక్కకు పెండ్లికొడుకు కట్టె లెక్క నిలవడ్డడు. అజ్జికి కోపమొచ్చింది. టీవీ దిక్కు చెయ్యి చూపి, "ఏయ్, పిల్ల గట్ల ఏడుస్తుంటె నిలవడి చూస్తవేంది? నీళ్లియ్యి!" అన్నది. మంచం పక్కకున్న అసలు పెండ్లికొడుకు బుగులువడి లేసి, ఉరికి, చెంబుల నీళ్లు తెచ్చి భాగ్యకిచ్చిండు. అందరం ఒకటే నవ్వుడు!

"ఛలో అద! మస్తుంది!" అన్నది అజ్జి, సగం కన్నడంల. నా ఛాతి ఇంత వడ్ల గుమ్మి లెక్క అయింది. గాడ్నే ఆగిపోతె మంచిగుండేది. గని అజ్జి సుజాత దిక్కు తిరిగింది.

"ఏమ్మా, ఊరందరియి తీస్తడు. నీ లగ్గం గూడ చూపియ్యరాదు?"

సుజాత మొఖం ఎలిగిపోయింది. "ఉంది అజ్జీ! హార్డ్ డిస్కుల భద్రంగ వెట్టిండు. సంచిల తెచ్చిండు గూడ. ఎక్కియ్యవయ్యా!"

"గీ టీవీకి పిన్ను వెట్టే జాగుండదు," అన్న.

పెండ్లికొడుకు టీవీ ఎన్క చెయ్యి వెట్టి చూసిండు. "ఉందన్నా, పక్కకే ఉంది," అన్నడు. గంత సాయం చేసే అల్లుడు ఎవ్వరికి దొరకొద్దు!

తగిలిచ్చిండు. టీవీ మీద ఒక్కటే పేరు వచ్చింది: భాగ్య లగ్గం.

"మరి నా లగ్గమేది?" అన్నది సుజాత.

నేను బండ కత చెప్పిన. దర్వాజ కత చెప్పిన. చెప్పిన కొద్ది సుజాత కొంగు బిగిస్తున్నది, అజ్జి మాత్రం తుంటి వట్టుకొని నవ్వుతున్నది. ఖాజా భాయ్‌కి ఫోన్ కొట్టి, తీసిపారేసింది మల్ల వస్తదా అని అడిగిన. "ఫార్మాట్ కంటె ముందు చెప్తె తవ్వి తీస్తుంటి గదయ్యా! ఇప్పుడు దాని మీదకెళ్లి భాగ్య లగ్గం ఎక్కిచ్చినవ్!" అన్నడు. ఫోన్ స్పీకర్ల ఉంది. ఇంటికొచ్చి క్యాసెట్ ఎతికితె అట్ట దొరికింది. లోపటి రీలు మా చిన్న బిడ్డ ఎప్పుడో గుంజి సైకిల్ హ్యాండిల్‌కు కుచ్చులు కట్టిందట.

గా దినం సుజాత ఒక్కటే మాట అడిగింది. "ఊర్ల లగ్గాలన్నిటికి రుజువులు తీసిచ్చినవ్. మన లగ్గానికి రుజువేది? రుజువు లేని మొగనికి నేను ఛాయ్ ఎందుకు వెట్టాలె?"

నేను లేసి పొయ్యి ముట్టిచ్చిన. గందుకే గీ ఛాయ్.

గని నాకు రంది లేదు. అజ్జి రోజు పొద్దుగాల పక్కింటోళ్లతోని గా డిస్కు వెట్టించుకొని చూస్తదట, రోజు టీవీలున్న అల్లుణ్ని నీళ్లియ్యమని తిడ్తదట, భాగ్య ఫోన్ చేసి చెప్పింది. గంతకంటె ఏం గావాలె?

నిన్న జర బతిమిలాడిన. "సుజాతా, తప్పైంది. నీ మనసుల నాకు మల్ల ఇంత జాగ ఇయ్యరాదు?"

గామె నవ్వకుంటనే అన్నది: "జాగ మస్తుంది. గంత పెద్ద గొప్పలు ఏస్కొని వస్తె దర్వాజల నువ్వే పట్టవు."

గందుకే ఇప్పటిసంది గొప్పలు తగ్గించిన. చెప్పినా చిన్న చిన్న తునకలు చేసి చెప్త. గని టీవీల వానకు గొడుగులు వట్టింది మాత్రం ఉన్నదే మల్ల! ఆ... కప్పులిట్లియ్యుండ్రి, కడగాలె.